కొయ్యలు కాల్చనందుకు శాలువా

వరి కొయ్యలు కాల్చడం మానేసినందుకు నాకు శాలువా కప్పారు. సిగ్గుతో తల దించుకోవాల్సిన రోజది. నేను ఫోటోకు నవ్వాను.

హుజూర్‌నగర్ దగ్గర మాకు కాలువ కింద వరిపొలం, దాని పైన మెట్టచేను. కోత మిషన్ పోయాక మోకాలెత్తు కొయ్యలు మిగులుతాయి. యాసంగి పంటకు నీళ్లు వదిలేలోగా దున్నాలన్న తొందరలో ఏటా అగ్గిపుల్ల గీసేవాణ్ణి. అందరూ గీసేవాళ్లే. పొగకు దగ్గే మా అవ్వను ఇంట్లోకి పొమ్మని కసిరేవాణ్ణి కూడా.

ఒక ఏడు మెట్టచేనుకు ఎరువు కావాలని, గొర్రెలు కాచే ముసలాయనను నేనే బతిమాలి మంద పెట్టించుకున్నాను. పొద్దున ఆయన మందను మేతకు తోలుకుపోతే, అంత దూరం నడవలేని పసి గొర్రెపిల్లలు ఒడ్డు మీద ముళ్లకంప దొడ్డిలో ఉండేవి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఒకరోజు, గాలి కాలువ వైపు వీస్తోంది, ఏం కాదులే అనుకొని వరి కొయ్యలకు అగ్గి పెట్టాను. మధ్యాహ్నం గాలి మళ్లింది. ఎండుకంప ఎంతసేపు ఆగుతుంది? నేను బిందె పట్టుకొని ఉరికేసరికి దొడ్డిలో చప్పుడు లేదు. పదకొండు పిల్లలు.

సాయంత్రం తల్లులు పాలచేపుతో వచ్చాయి. వాటి అరుపులు వినలేకపోయాను. ముసలాయన ముఖం చూడకుండానే చెప్పేశాను.

"ఎవడో బీడీ తాగి పారేసిండు మామా."

ఆయన చేతికర్రతో బూడిద కెలుకుతూ, "గట్లనా పటేలా" అన్నాడు. అంతే.

ఆ తర్వాత నేను అగ్గి పెట్టలేదు. మంచితనం కాదు, భయం. నీళ్లు పెట్టి కొయ్యలను బురదలోనే కలియదున్నాను. అది చూసిన వ్యవసాయాధికారి రెండేళ్లకు రైతువేదికలో సన్మానం అన్నాడు. వద్దనాలి కదా! చొక్కా ఇస్త్రీ చేయించుకొని మరీ పోయాను. ఎందుకు మానేశావని మైకు ఇస్తే, భూతల్లి కడుపు కాలుతుంటే చూడలేకపోయానన్నాను. చప్పట్లు మోగాయి. చెయ్యకూడని పని చెయ్యకపోతే పండగేమిటని ఎవరూ అడగలేదు. గొర్రెల మందు పంచుతారంటే వచ్చి వెనక వరుసలో కూర్చున్న ముసలాయన కూడా చప్పట్లు కొట్టాడు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే నా దగ్గరికి వచ్చాడు. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"పటేలా, ఇప్పుడు అగ్గి పెడ్తలేవంట గదా. పిల్లల దొడ్డి మళ్ల నీ ఒడ్డు మీద పెట్టుకోవచ్చునా?"

ఈ రెండేళ్లూ ఆయన మంద మా చేను దరిదాపులకు రాలేదని అప్పుడు తట్టింది. బీడీ మాటను ఆయన ఒక్కరోజు కూడా నమ్మలేదు.

"పెట్టుకో మామా" అన్నాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా రెండో చెప్పు తొడుక్కున్నాను.

ఆయన నాకు దండం పెట్టి పోయాడు.