అత్తమ్మ దాచిన నూలుపోగు

నాలుగేళ్ల కిందట మా అత్తమ్మకు నడుము ఎడమ పక్కన సర్పి లేచింది. ఆ పొక్కుల వరుస పాములా నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని మా నేతగాళ్ల వాడ భవాని పేట్‌లో అందరికీ భయం. అందుకే అత్తమ్మ మగ్గం మీది నూలుపోగు ఒకటి తెంపి, వరుసను కొలిచి రెండు కొసల దగ్గరా ముడులు వేసింది. వరుస ముడి దాటిందేమోనని రోజూ పెట్టి చూసుకునేది. దాటలేదు. మానిపోయి మచ్చ మిగిలింది.

ఈ ఉదయం ఆ మచ్చ మీదే ఊదారంగు పొక్కులు, ఒకటే దురద. అత్తమ్మ కుంకుమ డబ్బాలోంచి ఆ పాత పోగు తీసి నా చేతిలో పెట్టింది. కొలిచాను. ముడి నుంచి ముడి దాకా సరిగ్గా సరిపోయింది. ఒక్క పొక్కూ బయటికి లేదు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

“సర్పి మల్ల ఒచ్చిందా బాయీ?” అని ఆమెను అడిగింది అత్తమ్మ.

“ఘాబరా పడకు. ఇది వేరే రోగం. ఒకపారి ఖరాబైన తోలుకు కాపలా తక్కువుంటది. కొత్త రోగం ఒక్కోపారి ఆ జాగలనే ఒచ్చి కూసుంటది.”

“అంటే అది పొయ్యింది గని, ఇల్లు ఖాలీ జేసి తలుపు తెరిచిపెట్టి పొయ్యిందన్నట్టు.”

డాక్టరమ్మ నవ్వి మందు రాసిచ్చింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక ఆ పోగు పారేయమన్నాను. అత్తమ్మ మళ్లీ డబ్బాలోనే పెట్టింది.

“ఉండనియ్యి. ఇంకేమొస్తదో ఎవలకెరుక?”

మీకూ పాత మచ్చలున్నాయా? ఒకసారి చూసుకుని చెప్పండి. నా మోచేతి మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఒకటుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఇందాకటి నుంచి దురద పెడుతోంది.