ట్యాంకు దగ్గర మనిషి

మా కోనసీమలో పుట్టినవాడికి ‘అవునండీ’కి బదులు ‘ఆయ్’ అనడం ఒకరు నేర్పక్కర్లేదు. పెద్దవాళ్ళు ఏమన్నా ఆయ్, ఆఫీసరు ఏమన్నా ఆయ్. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ రోజుకోసారి చెప్పేది. ఆ మంచి నోరే నన్ను మనిషిని కాకుండా చేసింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

సముద్రంలో గ్యాసు బావి తవ్వే రిగ్గు మీద నా పని చెప్పుకోడానికి చిన్నదే. భూమి లోపలికి పైపు దింపుతూ తవ్వేటప్పుడు బరువైన బురద ఒకటి పంపుతో లోపలికి పంపుతారు. మేం మడ్డు అంటాం. అది రాతిపొడిని పైకి తెస్తుంది, కింద గ్యాసుని అణిచిపెట్టి ఉంచుతుంది. పైకొచ్చిన మడ్డు ట్యాంకుల్లో పడుతుంది. ఆ ట్యాంకు మట్టం చూస్తూ ఉండడమే నా ఉద్యోగం. పంపినదానికన్నా ఎక్కువ తిరిగొస్తోందంటే, గ్యాసు లోపలికి దూరి మడ్డుని తోసేస్తోందన్నమాట. అప్పుడు పంపు ఆపి చూడాలి. ఆపినా మడ్డు పారుతూనే ఉంటే బావి నోరు మూసెయ్యాలి. దానికి బీవోపీ అని పెద్ద ఇనప కవాటాలుంటాయి. ఆలస్యమైతే బ్లోఅవుటే, గ్యాసు పైకి తన్నుకొచ్చి భగ్గున మండడమే. ఆ మాట మా ఊళ్ళలో పిల్లలకీ తెలుసు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోవడం చూసినవాళ్ళం. నేల మీదైతే ఊరు ఖాళీ చేసి పరిగెత్తొచ్చు. సముద్రం మధ్యలో ఎక్కడికి పరిగెడతాం?

ఆ రోజు టిఫిన్లయ్యేక మట్టం పెరగడం చూసేను. వెంటనే, తవ్వకం నడిపే డ్రిల్లరుకి ఫోన్ చేసేను. ఆయనది మలికిపురం, మాది రాజోలు. వరస కలుపుకుని బావగారూ అనేవాణ్ణి. “పంపు ఆపుతున్నానండీ” అన్నారాయన. పక్కనే ఉన్న కంపెనీ పెద్దాయన గొంతు నాకు ఫోన్లో శుభ్రంగా వినపడింది. “ఏం ఆపక్కర్లేదు, ఈ పైపు దిగనీ. ఇప్పటికే వెనకబడ్డాం.” మట్టం ఇంకా పెరుగుతోంది. మళ్ళీ చేసేను. మళ్ళీ అదే గొంతు: “ట్యాంకు దగ్గరవాడికి కంగారెక్కువ.” మూడోసారికి బావగారు ఆయన మాట లెక్కచెయ్యకుండా పంపు ఆపేసేరు. మడ్డు ఆగలేదు. బీవోపీ మూసేసేరు. ప్రెషరు గేజీలో ముల్లు గిర్రున లేచింది. ఆ పూట మేమంతా భోజనాలు చేసేమంటే ఆయన చలవే.

వారం తిరక్కుండా ఒడ్డున విచారణ పెట్టేరు. మట్టం పెరిగేక అంతసేపు ఎందుకు మూయలేదని ప్రశ్న. పెద్దాయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, “నాకెవరూ చెప్పలేదు, డ్రిల్లరే తాత్సారం చేసేడు” అన్నాడు. ఎంత అన్యాయమండీ! ఆపొద్దన్న ఆ గొంతు విన్న సాక్షిని నేనొక్కణ్ణే. బావగారు నా వైపు చూసేరు. ఆ నెలలోనే నా కాంట్రాక్టు రెన్యువల్. ఆ కాయితం మీద సంతకం పెట్టాల్సింది పెద్దాయనే.

“డ్రిల్లరే ఆలస్యం చేసేడు కదా?” అని నన్నడిగేరు.

“ఆయ్” అన్నాను.

తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చేను. బావగారిని ఉద్యోగంలోంచి తీసేసేరు. పెద్దాయన పెద్దాయనలాగే ఉన్నాడు. రిగ్గు మీద ఏ గోడ చూసినా బోర్డే: ప్రమాదం అనిపిస్తే ఎవరైనా పని ఆపొచ్చు అని. ఎవరైనా అట! ఆపినవాణ్ణి ఇంటికి పంపేరు, ఆపొద్దన్నవాడికి కుర్చీ వేసేరు. వాళ్ళని తిట్టుకుని ఊరుకుందామంటే, ఆ కుర్చీ ఒరిగిపోకుండా పట్టుకున్నది నేనే. ఛీ, ఏం బతుకు!

మొన్న సెలవుకొచ్చినప్పుడు మలికిపురంలో బావగారు కనపడ్డారు. కొబ్బరికాయల కొట్టు దగ్గర నిలబడి లారీకి కాయలెత్తిస్తున్నారు. తప్పుకుందామనుకున్నాను. ఆయనే పిలిచేరు. నాలుగు తిట్టినా బాగుణ్ణు. బొండం కొట్టించి చేతిలో పెట్టేరు.

“ట్యాంకు దగ్గర ఇప్పుడెవరుంటున్నారండీ?”

“నేనేనండి.”

“కొత్త డ్రిల్లరు ఎలాంటాయన?”

“మంచాయనేనండి. పెద్దాయన మాట జవదాటరు.”

బావగారు మెల్లిగా అన్నారు. “అయితే ఈసారి మట్టం పెరిగితే, మూయమని అరవాల్సింది మీరేనండి. అరుస్తారా?”

“ఆయ్” అన్నాను.

“ఆ విచారణ గదిలోనూ ఇదే అన్నారండీ” అన్నారాయన.