తలనొప్పికి తెల్లది

మా హాస్టల్లో మాత్రలకు పేర్లుండేవి కావు, రంగులే. తలనొప్పికి తెల్లది, జలుబుకు పసుపుది, ఒళ్లునొప్పులకు గులాబీది. శ్రీకాకుళంలో ఏ మెడికల్ షాపుకు వెళ్లి రెండు మాత్రలు అడిగినా షీటును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరున్న ముక్క షాపులో ఉండిపోతుంది, పేరు లేని ముక్క మన పర్సులోకొస్తుంది.

నా రూమ్మేట్‌ది బొబ్బిలి. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు అది ఎంచుకున్న విషయం ఇదే: డాక్టరు చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రల గురించి విద్యార్థులు ఏం తెలుసుకుని మింగుతున్నారు అని. గైడ్ మాష్టారు మొదట్లోనే మొహం చిట్లించారు.

"తలనొప్పి మాత్ర ఎవరికి తెలీదమ్మా? ఇదీ ఒక సబ్జెక్టేనా? వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఇదే అడుగుతారు. ఏం చెప్తావో చూసుకో," అన్నారు. దాంతో దానికి బెంగ పట్టుకుంది.

అయినా గది గదికీ తిరిగింది. తోడుగా నేను.

"తలనొప్పొస్తే ఏటి యేసుకుంతావే?"

"తెల్లది."

"దాని పేరేటి?"

"తెల్లదే! నొప్పి తగ్గిపోద్ది, పేరెందుకు?"

నరసన్నపేట పిల్ల ఒకతి ఉండేది, వాళ్లది కిరాణా కొట్టు. అది పరీక్షకు ముందే ఒకటి వేసేసుకుంటుందట. "హాల్లోకెల్తే ఎలాగూ వస్తాది కదే, ముందే యేసుకుంటే ఓ పనైపోద్ది!" ఇంకొకతి సగం మాత్రే మింగుతుంది, నొప్పి సగం తలకే వస్తుంది కాబట్టి. నవ్వాపుకోలేక నేను వరండాలోకి పరుగెత్తేదాన్ని.

తీరా వైవా రోజు పొద్దున్నే మా బొబ్బిలిదానికే తల పగిలిపోతోంది. కబురు మెస్సు దాకా పాకింది. ఇడ్లీలు వదిలేసి తలా ఒక మాత్ర పట్టుకుని వచ్చేశారు. మా వైపు ప్రేమలు అలాగే ఉంటాయి, వద్దంటే వినరు. నరసన్నపేట పిల్లయితే కొట్లోంచి తెచ్చుకున్న నిండు షీట్లే తెచ్చింది. తెల్లదీ, పసుపుదీ, గులాబీదీ, అన్నీ పేర్లతో సహా! మా బొబ్బిలిది వాటిని వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివింది. మూడింట్లోనూ పారాసెటమాల్ ఉంది.

"ఒసే, అన్నిట్లోనూ ఒకే మందే! ఇయన్నీ కలిపి మింగితే లివరు పాడైపోద్ది," అంటూ ఒక్క తెల్లది వేసుకుని, మిగిలినవన్నీ నా చేతిలో పోసింది.

"అయితే నాది పనికిరాదేటి?" అని పసుపుది తెచ్చిన పిల్ల మూతి ముడిచింది.

గుప్పిట్లో ఆ మాత్రలతోనే దానితో కాలేజీకి వెళ్లి, నేను వైవా గది తలుపు బయట నిలబడ్డాను. లోపల ఎక్స్‌టర్నల్ గారు, విజయనగరం నుంచి పొద్దున్నే బస్సులో వచ్చినాయన, కణతలు నొక్కుకుంటున్నారు.

"తలనొప్పి మాత్ర మీద ప్రాజెక్టేంటమ్మా? ఇందులో తెలుసుకోడానికేముంది?"

గైడ్ మాష్టారు 'నే చెప్పానా' అన్నట్టు చూశారు. అంతలో ఎక్స్‌టర్నల్ గారే, "అన్నట్టు నీ దగ్గర తెల్లదేమైనా ఉందా?" అన్నారు.

"పొద్దున్నించి ఏమేం వేసుకున్నారు సార్?" అనడిగింది మా బొబ్బిలిది, హాస్టల్లో మావాళ్లను అడిగిన గొంతుతోనే.

"బయల్దేరేటప్పుడు జలుబుకొకటి. బస్సు దిగాక ఒళ్లునొప్పులకింకోటి."

"వాటి పేర్లు సార్?"

ఆయన జేబులోంచి కత్తిరించిన షీటు ముక్కలు తీసి అటూ ఇటూ తిప్పారు.

"ఒకటి పసుపుది," అన్నారు చివరికి.

"అందులోనూ తెల్లదాంట్లోనూ ఒకే మందుండొచ్చు సార్. అది తేలకుండా ఇంకోటి ఇవ్వలేను."

మార్కులు ఆయన చేతిలో ఉండగా ఆ మాట! నేనైతే దోసిట్లో పోసి ఇచ్చేసేదాన్ని. గైడ్ మాష్టారికి పొలమారింది.

"సబ్జెక్టుందండీ," అన్నారు ఎక్స్‌టర్నల్ గారు ఆయనతో, మెల్లగా. "వెళ్లమ్మా, ఇంక ప్రశ్నల్లేవు."

అది బయటికొచ్చి నన్ను వాటేసుకుంది. "రిపోర్టు బైండింగ్ అయిపోనాది గానీ, లేపోతే ఈ సార్‌ని కూడా మనోళ్ల లెక్కలో కలిపేద్దునే!" అని గంతులేస్తూ మెస్సుకు పరుగెత్తింది.

కాసేపటికి ఎక్స్‌టర్నల్ గారూ బయటికొచ్చారు. అటూ ఇటూ చూసి, నా గుప్పిట వైపు చూసి, గొంతు తగ్గించారు.

"మీ ఫ్రెండుకి చెప్పకు. అందులో తెల్లదుందా?"

గుప్పిట వీపు వెనక్కి పెట్టేసుకుని, "టీ తెమ్మంటారా సార్?" అన్నాను.