ఉల్లిపొర రంగు నీళ్లు

పోయిన వారం కంటి ఆసుపత్రిలో ఒక అమ్మాయి నాకు కాలక్షేపం నేర్పబోయింది. చూపు తగ్గినవాళ్లు ఏమేం చెయ్యొచ్చో ఆవిడ దగ్గర ఒక జాబితా ఉంది. ఆడియో పుస్తకాలు వినొచ్చుట, మట్టితో బొమ్మలు చెయ్యొచ్చుట, కుర్చీలో కూర్చుని చేసే యోగా కూడా ఉందిట. "సార్‌కి ఏదైనా హాబీ ఉందా?" అని అడిగింది, నన్ను కాదు, పక్కన కూర్చున్న మా అమ్మాయిని. నాకు పోయినవి కళ్లు, చెవులు కావు. "ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకులో పగడాలు పెంచుతాను" అని నేనే జవాబు చెప్పాను. ఆ పిల్ల మళ్లీ మా అమ్మాయి వైపే తిరిగి, "ఆయనకి అవి కనిపిస్తాయా?" అంది. ఇంటికొచ్చేదాకా కారులో సీటు బెల్టు లాగడం, వదలడం, లాగడం, వదలడం. ఆ జాబితా ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, అందులో లేని సంగతి ఒకటి నేను రాసిపెడదామని అప్పట్నించీ చెయ్యి ఊరుకోవడం లేదు. లావుపాటి నల్ల మార్కరుతో, పేజీకి ఆరు లైన్ల చొప్పున రాస్తున్నాను. ఇంట్లో కాగితాలన్నీ అయిపోతున్నాయని మా ఆవిడ గొడవ.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పదో తరగతి తరవాత ఒంగోల్లో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో చేరి, చెడిపోయిన ఫ్రిజ్‌ల దగ్గరే నా చదువంతా చదివాను. మా అక్క పెట్టిన వీసా పిటిషన్ మీద ఈ దేశం వచ్చాక, ఆష్‌బర్న్ అనే ఊళ్లో కంప్యూటర్లు మాత్రమే కాపురముండే ఆ కిటికీల్లేని భవనాల్లో, చల్లబరిచే యంత్రాలు చూసుకునే పని దొరికింది. పాతికేళ్లు చేశాను. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో గోడ అవతలనుంచి విని చెప్పేవాణ్ణి. పుట్టినరోజు పార్టీల్లో మనవాళ్ల కుర్రాళ్లు "అంకుల్, మీది ఏ టెక్నాలజీ?" అని అడిగేవాళ్లు. "చన్నీళ్లు" అనేవాణ్ణి. అదేదో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అనుకుని గంభీరంగా తలూపినవాళ్లున్నారు. అలాంటి రోజుల్లోనే పక్కనే ఉన్న షాంటిలీలో ఒక చేపల షాపుకెళ్లి పగడాల ట్యాంకు ముందు నిలబడిపోయాను. పగడమంటే ఉంగరంలో రాయి అనే నాకు తెలుసు. అది ప్రాణమున్న జంతువని, దానికి నోరుందని, ఆకలేస్తే చేతులు చాస్తుందని ఆ షాపాయన చెబితే నాకు కోపం వచ్చింది. ఇంత సంగతి ఇన్నేళ్లుగా నాకెవరూ చెప్పలేదేమని. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, మా బేస్‌మెంట్‌లో నాలుగడుగుల ట్యాంకు పెట్టాను. పదహారేళ్లు నడిపాను.

తరవాత చూపు పోయింది. మొత్తం కాదు, మధ్యలో ఉన్నది పోయింది, అంచులు మిగిలాయి. మా ఆవిడకేసి చూస్తే చెవుల కమ్మలు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసక. మా అమ్మాయి పగడాల్నీ చేపల్నీ ఆ షాపాయనకే ఇచ్చేసింది. ఖాళీ ట్యాంకులో మా ఆవిడ బియ్యం బస్తాలు పెట్టుకుంది, మూత మీద వడియాల డబ్బాలు. రెండేళ్లు నేను ఇంట్లో కాలు నిలవకుండా తిరిగాను. మెట్లెక్కడం, దిగడం, ఫ్రిజ్ మీద చెయ్యి వేసి దాని చప్పుడు వినడం, అది బాగానే ఉందని తెలిసి నిరాశపడడం. "వాషింగ్ మెషీనైనా నలభై నిమిషాలకి ఆగుతుంది" అంది మా ఆవిడ. కిందటేడు చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రలేచి వచ్చేసరికి బియ్యం బస్తాలు సోఫాలో ఉన్నాయి, నేను ట్యాంకు తుడుస్తున్నాను.

కళ్లతో చేసిన పనులన్నిటికీ వేరే దారులు వెతికాను. ఉప్పు సరిపోయిందో లేదో చూసే పరికరం కంటికి పెట్టుకునేది, అది నాకిక పనికిరాదు. అందుకని ఒక లీటరు సీసా అంచుదాకా నింపి, బరువు పైకి చెప్పే వంటింటి కాటా మీద పెట్టేవాణ్ణి. మంచినీళ్లకంటే పాతిక గ్రాములు ఎక్కువ తూగితే సముద్రం తయారైనట్టు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టుకున్నాను. షాపాయన నాకోసం చేత్తో తడిమితే తెలిసే పగడాలు ఏరి ఇచ్చాడు. వాటిలో తోలు పగడమని ఒకటుంది. హాయిగా ఉన్నప్పుడు కొత్త తువ్వాలులా నూగునూగుగా తగులుతుంది. కష్టంలో ఉంటే ముడుచుకుపోయి కొవ్వొత్తిలా నున్నగా అయిపోతుంది. ఊరికే ముట్టుకుంటే పాపం దానికి చిరాకు, అందుకని వారానికొక్కసారే పలకరించేవాణ్ణి.

ఎటొచ్చీ నీళ్లలో మలినం ఎంత చేరిందో చెప్పే పరీక్ష ఒకటుంది. గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు పోసి మందు కలిపితే రంగు వస్తుంది, రంగు ముదిరేకొద్దీ ప్రమాదం. రంగు పేరు పైకి చెప్పే యాప్‌తో ఫోన్ పెట్టి చూస్తే అది ప్రతిదానికీ "బ్రౌన్" అంటుంది. కాబట్టి మా ఆవిడే దిక్కు. చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ జాకెట్లు కుట్టిన మనిషి, చీర చూసి దారం రంగు ఎంచడంలో పొరపాటు ఎరగదు. డబ్బాలో వచ్చిన రంగుల కార్డుకి ఆవిడ తన పేర్లు పెట్టుకుంది. ముత్యం, ఉల్లిపొర, గులాబీ, రాణీరంగు, వంకాయ. ప్రతి ఆదివారం కాఫీ తరవాత గొట్టం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లేది. ఉల్లిపొరదాకా భయం లేదు. రాణీరంగు వచ్చిందా, నాలుగు బకెట్ల నీళ్లు మార్చాల్సిందే.

మొదటి నెల్లో ఒకసారి రాణీరంగు వచ్చింది. శుద్ధి చేసిన నీళ్లొచ్చే కొళాయి పైన వంటింట్లో ఉంది, ట్యాంకేమో కింద. మూడో బకెట్‌తో మెట్ల మీద కాలు జారింది. తుంటి మీద పడ్డాను, ఎముక విరగలేదు. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, ఇంకోసారి పడితే ట్యాంక్ గాన్. ఓకేనా? నేనే వచ్చి ఖాళీ చేస్తాను" అంది. అది అన్నంత పనీ చేసే పిల్ల, నా పోలికే.

ఆ తరవాత నా అదృష్టం పండింది. ఆదివారం ఉల్లిపొర. మళ్లీ ఆదివారం ఉల్లిపొర. ఇంత నిలకడగా ట్యాంకు నడపడం కళ్లున్న రోజుల్లో కూడా నా వల్ల కాలేదని షాపాయనకి ఫోన్ చేసి గొప్పలు పోయాను. కానీ వేళ్లు వేరే సంగతి చెప్పసాగాయి. గాజు లోపల జిగట. తోలు పగడం నున్నగా ముడుచుకుని మూడు వారాలైంది. దాని పక్కన చిన్న పగడం ఒకటి చేతిలోనే చితికి ఊడిపోయింది. పంపు విప్పాను, కడిగాను, మళ్లీ బిగించాను. చప్పుడులో తేడా లేదు. సీసా తూచాను, పాతిక గ్రాములే. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ట్యాంకు దగ్గరికి పోబుద్ధి. ఏం తప్పు చేశానో తెలియకుండా నా చేతుల్లో అవి చచ్చిపోతున్నాయి.

ఆ తరవాతి ఆదివారం ఒక పని చేశాను, చెప్పుకోవడానికి సిగ్గే. గొట్టంలో ట్యాంకు నీళ్లకి బదులు వంటింటి శుద్ధమైన నీళ్లు పోసి, మందు కలిపి ఇచ్చాను. వాటికి రంగు రాకూడదు, ముత్యమే అవ్వాలి. ఆవిడ కిటికీ దాకా వెళ్లింది.

"ఉల్లిపొర" అంది.

"అవి ట్యాంకు నీళ్లు కావు" అన్నాను.

నాకు కమ్మలే కనిపిస్తున్నాయి, అవి కదలడం లేదు.

"అసలు చూశావా?"

"చూడలేదు. చూడ్డం మానేసి నెలన్నర అయింది" అంది. "వంకాయ అని చెబితే మీరు బకెట్లు మోస్తారు. పడతారు. అమ్మాయి వచ్చి ట్యాంకు పట్టుకుపోతుంది. మీరు మళ్లీ ఫ్రిజ్ పక్కన నిలబడతారు. నన్నేం చెయ్యమంటారు?"

నేను అరిచాను. డాక్టర్లు నాతో పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడితే ఊరుకున్నాను, కూతురు నా తలమీంచి మాట్లాడితే ఊరుకున్నాను. "నా కళ్లు పోయాయి, సరే. నీ కళ్లు కూడా నాకు అబద్ధం చెబితే నాకింక మిగిలిందేమిటి?"

"మీ నడుం విరిగితే నాకు మిగిలేదేమిటో అది కూడా చెప్పండి" అంది, నాకంటే గట్టిగా.

ట్యాంకు నీళ్లతో గొట్టం నింపి ఇచ్చాను. ఈసారి ఆవిడ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. "వంకాయ. అందులోనూ నల్ల వంకాయ" అంది.

మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తట్టింది, తట్టి సిగ్గేసింది. పాతికేళ్లు ఊరంత భవనాల్లో నీళ్లను పైపుల్లో నడిపించినవాణ్ణి, నా ఇంట్లో బకెట్లు మోస్తున్నాను. చూపు పోయినా ఒంట్లో బలం పోలేదని ఎవరికి చూపిద్దామనో. ఆ సాయంత్రమే వంటింటి సింకు కింద నేలకి వేలెడు కన్నం వేసి, సన్న పైపు కిందికి దించి, ట్యాంకు పక్కన నేను ఉప్పు కలుపుకునే డ్రమ్ములోకి వదిలాను. డ్రిల్లు నాది, చూపు ఆవిడది. "కొంచెం ఎడమకి. ఎడమ అంటే మీ ఎడమండీ, నా ఎడమ కాదు" అని పనయ్యేదాకా తిట్లు. కొళాయి తిప్పి, కింద నీళ్లు పడుతున్న చప్పుడు ఇద్దరం ఆ కన్నం దగ్గర చెవి పెట్టి విన్నాం.

రెండు పగడాలు దక్కలేదు. తోలు పగడం పాత తోలు వదిలేసి, పదకొండో రోజుకి నా వేళ్ల కింద మళ్లీ నూగు పోసింది. అప్పుడు ఆవిణ్ణి పిలిచి ఆ వేళ్లే చూపించాను, ఏదో వాటికే అంటుకుని ఉన్నట్టు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది! నెలకోసారి ఇప్పటికీ శుద్ధమైన నీళ్లు పోసి ఇస్తుంటాను. "ముత్యం. మీ అనుమానం తగలెయ్య" అని గొట్టం తిరిగి చేతిలో పెడుతుంది. మిగతా ఆదివారాలు ఆవిడ కిటికీ వైపు నడుస్తుంది, నేను టేబుల్ అంచు పట్టుకుని ఉంటాను. ఆవిడ వెలుతురుకి గొట్టం ఎత్తడానికీ, రంగు పేరు చెప్పడానికీ మధ్య పట్టేది రెండు మూడు క్షణాలే. నా డెబ్బై నాలుగేళ్లలో ఇంత పొడుగాటి కాలం ఇంకెప్పుడూ గడవలేదు.