గన్నవరం కోళ్ళకు వర్తించని చట్టం

విజయవాడ గవర్నరుపేటలో నాకు కోళ్ళ మందుల షాపు ఉండేది. టీకాలు, నులిపురుగుల మందులు కూడా అమ్మేవాణ్ణి గానీ, షాపు నడిచింది మాత్రం దాణాలో కలిపే విటమిన్ల మీదే. కోడికి కావలసిన మొక్కజొన్న, తవుడు, చేపల పొడి మన చుట్టుపక్కల దొరుకుతాయి. విటమిన్లు దొరకవు. అవి ఓడెక్కి రావాల్సిందే. ప్రపంచం మొత్తానికి వాటిని తయారుచేసే పెద్ద కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. దాణాలో పడేది కాస్తంత పొడే. అది పడకపోతే మిగతా దాణా అంతా దండగ.

తొంభైల మొదట్లో ఆ కంపెనీల రిప్రజెంటేటివులు నా షాపులో ఒకరినొకరు తోసుకునేవాళ్ళు. పొద్దున ఒకాయన రేటు చెప్పి వెళితే, మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి, "వాళ్ళకంటే తగ్గించి ఇస్తానండీ, మా సరుకు దింపుకోండి" అనేవాడు. ఆ పోటీలో నేనూ బాగుపడ్డాను, రైతూ బాగుపడ్డాడు.

ఆ పోటీ ఉన్నట్టుండి ఆగిపోయింది. అన్ని కంపెనీల రేట్లూ ఒకే వారంలో, ఒకేలా పెరిగాయి. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అలాగే పెరిగాయి. నాకు సరుకిచ్చే కంపెనీని వదిలేద్దామని ఇంకో కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. ఏళ్ళ తరబడి నన్ను తనవైపు లాక్కోవాలని చూసినవాడు అతను.

"మీరు వాళ్ళ పార్టీ కదండీ, మీకు మేం ఇవ్వలేం" అన్నాడు.

"అదేంటండీ, నా డబ్బు చెల్లదా?"

"పైనుంచి ఆర్డరండీ. ఈ ఏరియాకి మా కోటా అయిపోయింది."

"కోటా ఎవరు పెట్టారు? మీలో మీరు ఏరియాలు పంచుకున్నారా ఏంటి?"

ఫోన్ పెట్టేశాడు.

నేను డీలరుగా ఉన్న కంపెనీ మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఆయన్నీ నిలదీశాను. నెమ్మదైన మనిషి, మాట కూడా మెత్తన. "విదేశాల్లో ముడిసరుకు కరువండీ, ఫ్యాక్టరీలు సగం పనిచేయడం లేదు. రైతులకి మీరే సర్దిచెప్పాలి. మీ మాటంటే వాళ్ళకి గురి కదా" అన్నాడు. ఆ మాట నిజమే. మా నాన్న హయాం నుంచీ రైతులు మమ్మల్ని నమ్మారు. కంపెనీవాళ్ళు ఆ నమ్మకాన్నే వాడుకున్నారు. కరువు కథ చెప్పమని నన్ను పంపించారు. ప్రతి ఫారానికీ వెళ్ళి చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్ళు మండుతుంది.

గన్నవరం దాటాక ఒక ఊళ్ళో ఒకావిడకి గుడ్ల కోళ్ళ ఫారం ఉండేది. భర్తది ఇబ్రహీంపట్నం కరెంటు స్టేషన్లో ఉద్యోగం. ఫారం పనంతా ఆవిడదే. దాణా కలిపించడం, గుడ్లు లారీకి ఎక్కించడం, వ్యాపారులతో బేరం, అన్నీ. నేను చెప్పిన కరువు కథ ఆవిడ ఒక్కతే నమ్మలేదు.

"అందరికీ ఒకేసారి కరువొచ్చిందా సాయిబు గారూ? ఒక్కడి దగ్గరన్నా నాలుగు బస్తాలు మిగల్లేదా?"

"నేను విన్నది చెబుతున్నానక్కా" అన్నాను.

ఆ ఏడు గుడ్ల ధర పడిపోయింది. రేటు భరించలేక ఆవిడ కోడిపిల్లల దాణాలో విటమిన్ల పొడి సగానికి తగ్గించింది. కొన్ని వారాలకి అవి మెడలు వెనక్కి తిరిగిపోయి, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఈ-విటమిన్ చాలకపోతే అలాగే అవుతుంది. ఆవిడ ఒక గంపలో వాటిని పెట్టుకుని బస్సెక్కి వచ్చి, నా కౌంటరు మీద పెట్టింది. షాపులో జనం ఉన్నారు.

"చూడండి. మీ కరువు ఇలా ఉంది."

వాటిలో కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి.  ఆవిడ గంప అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఊళ్ళలో మాట పుట్టింది. బెజవాడ సాయిబు సరుకు గోడౌన్లో దాచి రేటు పెంచుతున్నాడని. కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, ఆ జాతే అంత అన్నారు. మా ఆవిడ కూరగాయలకి వెళితే బజార్లో ఎవరో వినపడేలా అన్నారట. ఖాళీ సంచితో ఇంటికొచ్చేసింది. గోడౌన్ తాళాలు తీసి చూపిస్తాను రమ్మన్నాను. ఎవరూ రాలేదు. నేను దొంగనని అనుకోవడం వాళ్ళకి తేలిక. దొంగ కళ్ళెదురుగా ఉంటాడు కదా, తిట్టడానికి వీలుగా.

తొంభైలు అయిపోవస్తుండగా ఒకరోజు ఇంగ్లీషు పేపర్లో, లోపలి పేజీలో, ఆ వార్త చూశాను. విటమిన్ల కంపెనీలన్నీ కుమ్మక్కై, ఏళ్ళ తరబడి ప్రపంచమంతటా రేట్లు తామే నిర్ణయించాయట. ఏ దేశంలో ఎవరు ఎంత అమ్మాలో హోటళ్ళలో కూర్చుని పంచుకున్నాయట. అమెరికా ప్రభుత్వం పట్టుకుంటే తప్పు ఒప్పుకుని భారీ జరిమానాలు కడుతున్నాయట. పెద్ద ఉద్యోగులు కొందరు జైలుకి వెళుతున్నారట. అక్కడ సరుకు కొన్నవాళ్ళకి నష్టపరిహారం కూడా వస్తుందట. కరువనే మాట ఆ వార్తలో ఎక్కడా లేదు. షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. ఆ వార్త మళ్ళీ మొదటినుంచి చదివాను. 

మేనేజరుకి ఫోన్ చేశాను.

"అది అమెరికా విషయమండీ. ఇక్కడ మన కంపెనీకి సంబంధం లేదు" అన్నాడు అదే మెత్తటి గొంతుతో.

"అమెరికా కోడి తిన్నదీ, గన్నవరం కోడి తిన్నదీ ఒకే ఫ్యాక్టరీ పొడి కాదా?"

"ఆవేశపడకండి. డీలరుషిప్ గురించి కూడా ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకోదలచలేదు. మర్నాడే గన్నవరం ఆవిడ ఫారానికి వెళ్ళి, గుమ్మంలో నిలబడే వార్త మొత్తం తెలుగులో చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి విన్నది.

"అయితే మీరు కాదన్నమాట."

"నేను కాదక్కా."

"చేసినవాళ్ళు ఎక్కడున్నారు?"

"కొంతమంది జైలుకి వెళుతున్నారంట. అమెరికాలో."

"మన జైల్లో ఎందుకు లేరు?"

ఆ వారమే ఇద్దరం కలిసి బందరు రోడ్డులో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆయన వయసులో చిన్నవాడు, ఇలాంటి కేసు ఎప్పుడూ చూడలేదని నిజాయితీగా చెప్పాడు. గుత్తవ్యాపారాల సంగతి చూసే కమిషన్ ఢిల్లీలో ఉందని తెలుసుకుని, మా ఇద్దరి పేర్లతో ఫిర్యాదు తయారుచేశాడు. అది వెళ్ళిన కొద్ది వారాలకి నా డీలరుషిప్ పోయింది. కారణం అడిగితే, పాలసీ మారిందన్నారు.

విచారణకి ముగ్గురం ఢిల్లీ వెళ్ళాం. కంపెనీ తరఫున నల్లకోట్లు ఒక బల్ల నిండా ఉన్నాయి. వాళ్ళు చెప్పింది మా లాయరు మాకు చెవిలో చెప్పాడు. ఒప్పందం జరిగిందే అనుకున్నా, అది మన దేశంలో జరగలేదట. చేసుకున్న కంపెనీలు మన దేశానివి కావట. ఇక్కడున్న కంపెనీ తెచ్చి అమ్మిందే తప్ప, పైవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో దానికి తెలియదట. మా లాయరు, అమెరికాలో వాళ్ళు ఒప్పుకున్న కాగితాలు తెప్పించమని అడిగాడు. అవి అక్కడి కోర్టుల్లో రహస్యంగా ఉన్నాయి, తెప్పించడానికి ఆ దేశాలతో మనకి ఒప్పందం లేదు అన్నారు కంపెనీ లాయర్లు. రేట్లు పంచుకోవడానికి ఏ సరిహద్దూ అడ్డం రాలేదు. సాక్ష్యానికి మాత్రం ప్రతి సరిహద్దూ అడ్డమే.

ఆవిడ ఉండబట్టలేక లేచి నిలబడింది. తెలుగులోనే అడిగింది. "అక్కడ తప్పు చేశామని ఒప్పుకున్నారుగా. ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు? మావి కోళ్ళు కావా?"

మా లాయరు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. నల్లకోట్లలో ఒకతను నవ్వాడు. పైన కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. మీ బాధ న్యాయమైనదే, చట్టం ఎంతవరకు అందుతుందో చూడాలి అన్నాడు.

అందలేదు. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఈలోగా ఇంకెవరిదో కేసులో పై కోర్టు, విదేశాల్లో చేసుకున్న ఒప్పందాల మీదికి ఆ కమిషన్ చెయ్యి చాపలేదని తేల్చింది. దాంతోపాటే మా ఫిర్యాదూ పోయింది. ఆవిడ కోళ్ళు అమ్మేసి, షెడ్లు ఎరువుల గోడౌన్లకి అద్దెకిచ్చింది. నేను షాపు మూసి, మా బావమరిదితో కలిసి హార్డ్‌వేర్ వ్యాపారంలోకి దిగాను. ఆ కంపెనీలు మాత్రం పేర్లు మార్చుకుని, ఒకదాన్నొకటి కొనుక్కుని, హాయిగా ఉన్నాయి. మన సొమ్ములో ఒక్క పైసా వెనక్కి రాలేదు.

కొన్నేళ్ళకి, కంపెనీలు ఇలా కుమ్మక్కవడం మీద కొత్త చట్టం వచ్చింది. దాని గురించి చెప్పడానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి విజయవాడ వస్తున్నాడని, వర్తకులకి ఒక హోటల్లో మీటింగని తెలిసింది. ఆవిడకి ఫోన్ చేస్తే వచ్చింది. అధికారి బొమ్మలు వేసి చక్కగా చెప్పాడు. ఇకమీదట ఒప్పందం బయట దేశంలో జరిగినా, నష్టం మన దేశంలో జరిగితే చాలు, విచారించవచ్చట.

నేను లేచాను. "పాతవాటికి వర్తిస్తుందా అండీ?"

"లేదండీ. చట్టం ముందుకే చూస్తుంది."

"పోనీ ముందు జరగబోయేవాటికే అనుకుందాం. కాగితాలు వాళ్ళ దేశంలో ఉంటే ఎవరు తెస్తారు?"

"ఆ దేశాలతో ఒప్పందాలు చేసుకోవాల్సి ఉంది."

నా పక్కనుంచి ఆవిడ గొంతు లేచింది. "ఎప్పుడు చేసుకుంటారు?"

హాల్లో చాలామంది తలలూపారు. అధికారి ఏదో చెప్పబోయాడు. ఇంతలో నిర్వాహకుడు మైకు తీసుకుని, భోజనాలు సిద్ధం, మిగతా సందేహాలు భోజనాల దగ్గర అడగవచ్చు అన్నాడు. కుర్చీలు జరిగిన చప్పుడు. మా ప్రశ్న విని తలలూపినవాళ్ళే ముందుగా ప్లేట్ల దగ్గరికి నడిచారు. అందరూ వ్యాపారస్తులే, ఏదో ఒక కంపెనీ చేతిలో దెబ్బతిన్నవాళ్ళే. నాకు వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

మేం తినలేదు. భోజనాల గదిలోకి వెళ్ళి అధికారి ఎదురుగా నిలబడ్డాం. ఆయన ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. "ఎప్పుడండీ?"

"నాకు తెలియదమ్మా" అన్నాడు చివరికి.

"ఆ మాట మైకులో చెప్పాల్సింది" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

బయట ఎండ మాడ్చేస్తోంది. బస్టాండు దాకా నడిచాం.  గన్నవరం బస్సు కదలబోతుంటే ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచినట్టే చెప్పింది.

"ఇలాంటి మీటింగు మళ్ళీ ఎక్కడ పెట్టినా నాకు చెప్పండి సాయిబు గారూ. జవాబు చెప్పేదాకా అడుగుదాం."