గొర్రెపిల్ల మోకరిల్లిన రైలు

వికారాబాద్‌లో రైలెక్కిన గొంగడి మనిషి ధారూర్ దాటగానే మోకాళ్ళ మీద కూర్చుని నా సీటు కిందికి చెయ్యి పెట్టాడు. అక్కడ నా బ్యాగుంది. చటుక్కున లాక్కుని, "ఏం తీస్తున్నవ్?" అని గద్దించాను.

"దొంగోడు మోకాళ్ళ మీద కూసుంటడా సారూ, ఉరుకుతడు గని!" అంటూ నా బ్యాగు వెనక పెట్టుకున్న తన సంచిలోంచి గొర్రెపిల్లను తీశాడు. "తల్లి సచ్చింది. నిన్నటి సంది పాలు ముడ్తలేదు."

పిల్లను కూడా ఎక్కడో ఎత్తుకొచ్చాడనే అనుకున్నాను.

అతను పాలసీసా కిందికి పట్టి ఎదురుచూశాడు. పిల్ల తూలి, ముందుకాళ్ళు మడిచి చప్పరించసాగింది.

"తల్లి కింద తాగినట్టే మోకాళ్ళేసింది! ఇగ బతుకుతది," అని కళ్ళు తుడుచుకున్నాడు.

నేను పాస్టర్‌ని. మోకరిల్లడమనే మాట మోకాలి నుంచి పుట్టిందనీ, లొంగిపోవడమే దాని అర్థమనీ ఏళ్ళుగా ప్రసంగిస్తున్నాను. ఆకలి గురించి ఎన్నడూ చెప్పలేదు.

"చూస్తవేంది సారూ, జర సీసా పట్టు. నా కాళ్ళు గుంజుతున్నయ్."

కిందికి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిల్ల తాగడం ఆపలేదు.