నాచారం బస్సులో ‘అన్నా’ అనే మాట

శనివారం సాయంత్రం నాలుగింటికి రామంతాపూర్‌లో ఇంటికి తాళం వేసి బయలుదేరాను. పోయేది నాచారం. మా కోడలు సునీత అక్కడ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఇంటికి వచ్చే బస్సులో ఒకడు నెల రోజులుగా ఆమె వెనకే చేరి, ఒంటికి తగులుతూ నిలబడుతున్నాడు. ఆ సంగతి తెలిసి మా అబ్బాయి “పని బంద్ చెయ్, ఇంట్ల కూసో” అన్నాడు. సునీతకు ఆ పనంటే ఇష్టం. అక్కడి స్నేహితులు, అక్కడి కబుర్లు, తన పేరున వచ్చే జీతం, అన్నీ ఇష్టం. “నెలాఖరు దాంక ఆగుండ్రి, నేనే ఏదన్న జేస్త” అని గడువు అడిగింది.

మొదట చేసింది పుస్తకం కొనడం. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకం, ఆత్మరక్షణ మీద, బొమ్మలతో. నేను నాలుగో తరగతితో చదువు ఆపినదాన్ని, అయినా కూడబలుక్కుని చదువుతాను. వంటింట్లో నేను చదవడం, తను చేయడం. “మణికట్టు పట్టుకున్నచో బొటనవేలి వైపునకు లాగవలెను” అని ఉంది. ఎవరి బొటనవేలో రాయలేదు. నేను మణికట్టు పట్టుకుంటే సునీత నా నాలుగు వేళ్ల వైపు గుంజింది. పట్టు ఊడలేదు గానీ ఇద్దరం పోయి బియ్యం డబ్బా మీద పడ్డాం. ఇంకో పేజీలో “కాపాడండి అని బిగ్గరగా అరవవలెను” అని ఉంది.

“కాపాడండి అని ఎవలంటరు అత్తమ్మా? నాటకం అనుకుంటరు” అని నవ్వింది.

పుస్తకంతో అయ్యేది కాదని తేలింది. నాచారంలో ఒక టెంట్ హౌస్ పైఅంతస్తులో శనివారాలు ఆడవాళ్లకు నేర్పిస్తారని కంపెనీలో ఎవరో చెప్పారు. ఒక్కతే పోవడానికి మొహమాటపడింది. నాకేమో అక్కడ ఏం నేర్పిస్తారో చూడాలని ఒకటే కుతూహలం.

ఉప్పల్ దాకా షేర్ ఆటో. వెనక నలుగురం, ముందు డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. ఉప్పల్ చౌరస్తా అంతా తవ్వేసి రేకులు కట్టారు. బస్సు ఎక్కడ ఆగుతుందని పూలబుట్ట పెట్టుకుని నిలబడిన ఒకామెను అడిగాను.

“రేకులు దాటి పోవాలె. అది ఆగదక్కా, నువ్వే అందుకోవాలె. నాచారంల ఏం పని?”

“కరాటే నేర్సుకోనీకి.”

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. “గీ వయసుల ఎవల మీదికి? కోడలి మీదికా?”

“కోడలితోనే పోతున్న” అన్నాను. నవ్వి, బస్సు వస్తే నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

హబ్సిగూడ మలుపు తిరిగి, నాచారంలో దిగేసరికి ఐదు కావస్తోంది. సునీత రెండు గంటలు ముందే అడిగి కంపెనీ గేటు బయటకు వచ్చింది. తలా రెండు మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి, టెంట్ హౌస్ పక్కన ఇనుప మెట్లు ఎక్కాం. ఒక మూల పెళ్లి కుర్చీలు పేర్చి ఉన్నాయి. మిగిలిన చోట పాత కార్పెట్ పరిచారు. ఆడవాళ్లం పదిమంది దాకా ఉంటాం. గోడవార కుర్చీల్లో ఇద్దరి భర్తలు, చాయ్ తెచ్చినతను.

మాస్టారు రాజమండ్రి వైపు మనిషి, మాటంతా ‘అండీ’లే. మొదట నా మణికట్టు ఆయనే పట్టుకున్నారు. “ఎక్కడ సందుంది, చూడండమ్మా.” ఆయన బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు కనబడింది. అటు తిప్పి లాగితే చెయ్యి సబ్బు ముక్కలా జారి వచ్చింది. బియ్యం డబ్బా గుర్తొచ్చి సునీతా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తర్వాత బస్సు కట్టారు. కుర్చీలు రెండు వరసలు వేసి, మధ్యలో మమ్మల్ని ఇరికించారు. మాస్టారు సునీత వెనక జానెడు దూరంలో నిలబడి, “ఇప్పుడు నేనే వాణ్ణండీ. ఏమంటారో అనండి” అన్నారు.

సునీత తల వంచుకుని, “అన్నా, జర జరుగుండ్రి” అంది.

గోడవార కూర్చున్న భర్తలిద్దరూ లేచి కుర్చీలు జరుపుకున్నారు. చాయ్ అతను కెటిల్ పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. హాలంతా నవ్వు.

మాస్టారు మాత్రం కదల్లేదు. “చూశారా? నేను తప్ప అన్నలందరూ జరిగారండీ. బస్సులోనూ ఇంతే. తప్పు చేసేవాడు ఉన్నచోటే ఉంటాడు. మిగతావాళ్లకేమో మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలీదు.”

ఒకామె ఒప్పుకోలేదు. “అన్నా అనకుంటే మాకు నోరు తిరగది సార్. అట్లంటెనన్న సిగ్గు పడుతడని.”

“సిగ్గుంటే ఆ పని చేస్తాడాండీ? వాడికి వరస కలపొద్దు. చొక్కా రంగు చెప్పండి. ఏం చేస్తున్నాడో చెప్పండి. ఏం చెయ్యాలో చెప్పండి. అంతే.”

ఒక్కొక్కరం అన్నాం. నా వంతుకు, “నీలం అంగీ, చెయ్యి తియ్యి, ఎనక్కి జరుగు నాయనా” అన్నాను. ఆ నాయనా దానంతటదే వచ్చింది. మళ్లీ అనిపించారు. మూడోసారికి గానీ పోలేదు.

ఏడింటికి, సునీత రోజూ ఎక్కే బస్సే దొరికింది. నాకు ఆడవాళ్ల సీట్లో కాస్త చోటు ఇచ్చారు. సునీత కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్క సీటామె చర్లపల్లిలో అద్దెల గురించి చెబుతుంటే వింటున్నాను. ఇంతలో సునీత గొంతు వినబడింది. అరవలేదు, తడబడలేదు.

“గళ్ల అంగీ. చెయ్యి తియ్యి. ఎనక్కి జరుగు.”

బస్సంతా తిరిగి చూసింది. గళ్ల చొక్కాలవాళ్లు ఇద్దరున్నారు. ఒక పెద్దాయన కంగారుగా రెండు చేతులూ పైకెత్తి, “నేను గాదమ్మా” అన్నాడు.

“నువ్వు గాదన్నా” అంది సునీత. “నీ పక్కపొంటి, టిఫిన్ సంచి పట్టుకున్న గళ్ల అంగీ.”

అప్పుడు అందరి కళ్లూ వాడి మీదికి పోయాయి. నేనూ అప్పుడే చూశాను వాణ్ణి. సన్నగా, చక్కగా తల దువ్వుకుని, ఎవరింట్లోనో మంచి అల్లుడిలా ఉన్నాడు. “రష్ ఉంటే తగులదా మరి?” అని గొణిగాడు. పెద్దాయన చేతులు దించి, “రష్ మాకు లేదా? ఎనక్కి నడువు” అన్నాడు. కండక్టర్ ఈల వేశాడు. హబ్సిగూడలో బస్సు నెమ్మదించగానే వాడు దిగిపోయాడు.

ఉప్పల్‌లో దిగి రామంతాపూర్ ఆటోలో కూర్చున్నాక సునీత చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. నా చేతుల్లోకి తీసుకున్నాను. ఎవరైనా ఈ దారిన నేర్చుకోవడానికి పోదలచుకుంటే, పుస్తకమూ కొనుక్కోండి, నష్టం లేదు. కానీ మన మాట నలుగురి ముందు మన చెవికే వినబడాలంటే మాత్రం ఆ ఇనుప మెట్లు ఎక్కాల్సిందే.

“సోమారం మీరు రాకుండ్రి అత్తమ్మా. నేనొక్కదాన్నే వస్త.”

“మల్ల వాడుంటే?”

 “రోజూ వాడు దిగేది ఉప్పల్‌ల. ఇయ్యాల హబ్సిగూడలనే దిగిండు” అంది సునీత.